కిటికీకి కాయ రంగు తెర

“రేపు ఆయన వచ్చే వేళకి కిటికీకున్న ఆ ఎర్ర పట్టీలు పక్కకి లాగి ఉండాలి,” అన్నాను.

“లాగితే ఎండ తిన్నగా మొహాన కొడద్ది. పెద్ద షావుకారుని పిలిచి ఎండలో కూర్చోబెట్టమంటావా?” అన్నాడు మా అబ్బాయి.

“కుర్చీ ఇటు గోడవారకి జరుపు.”

“కుర్చీ జరిపితే సరిపోయేదానికి ఇంత పెట్టి ఇవి కట్టించడం ఎందుకు? పొద్దున బిగించారు, సాయంత్రం కాకముందే లాగెయ్యమంటావు. ఇంట్లో ఫ్యాను కూడా అంతే. కొనిచ్చావు, తిరగనివ్వవు.”

“ఫ్యాను వల్ల మిరపకాయ రంగు మారలేదుగా. దీనివల్ల మారింది.”

“మారితే మారనియ్యమ్మా. చెడ్డగా మారలేదుగా.”

 ఆ మాట వాడు నవ్వుతూ అనలేదు. లెక్క చూసుకుని అన్నట్టు అన్నాడు.

మా అబ్బాయి గుంటూరులో, మిర్చి యార్డుకి పోయే దారిలో, ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని కమీషన్ వ్యాపారం మొదలుపెట్టిన ఏడాది అది. పత్తి వేసి దెబ్బ తిని, పొలం కౌలుకిచ్చి ఇందులో దిగాడు. మా ఊరి రైతులు తమ కాయను కోల్డు స్టోరేజీలో పెట్టి, అమ్మిపెట్టమని వీడికి అప్పజెప్పేవారు. బస్తాలు అక్కడే ఉంటాయి. వాటిలోంచి తీసిన కాస్త కాయను పళ్ళేల్లో పోసి ఆఫీసు బల్ల మీద ఉంచుతారు. కొనే షావుకారు వచ్చి రంగు చూసి, తుంచి వాసన చూసి ధర చెబుతాడు. నేను బడికి వెళ్ళింది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. కాయ చూడటం మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న పని. అందుకని మనవల్ని బడికి పంపాక బస్సెక్కి వచ్చి, పళ్ళేల్లో కాయ ఏరి సర్దేదాన్ని.

గదికి తూర్పున గోడంత అద్దాల కిటికీ ఉంది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఎండ లోపలే కాపురం. కొత్తగా కొన్న కంప్యూటరు మీద అక్షరం కనపడేది కాదు. పళ్ళెంలో పోసిన కాయ వారం తిరక్కుండా రంగు దిగి ఎండుగడ్డిలా అయ్యేది. నేను గోనెపట్టాలు రెండు కలిపి కుట్టి మేకులకు వేలాడదీశాను. ఎండ ఆగింది, ఖర్చూ కాలేదు. కానీ ఒక రైతు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడి, “ఇక్కడ ఆఫీసుందన్నారు. గొడ్ల చావిడికి వచ్చినట్టున్నానే,” అన్నాడు. మా వాడు ఆ పూటే పట్టాలు పీకేశాడు.

కిటికీలకి కట్టే బ్లైండ్లు అమ్మే కొట్టుకి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. కొట్టాయన ముందు అల్యూమినియం పలకలవి చూపించాడు. తాడు లాగితే పలకలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

“మాది మిరపకాయల గది నాయనా. రోజూ ఈ పలకలన్నీ తుడిచే మనిషిని కూడా నువ్వే పంపిస్తావా?” అన్నాను.

“తడిగుడ్డ పెట్టి ఒక్కసారి తుడిస్తే చాలమ్మగారూ.”

“మిరపదుమ్ము మీద తడిగుడ్డ పెట్టి, ఆ చేత్తో ఒకసారి కన్ను నలుపుకుని చూడు, ఎంత చాలో తెలుస్తుంది.”

ఆయన నవ్వి గుడ్డవి తీశాడు. పైకి చుట్టుకునే రకం నాకు నచ్చలేదు. చుట్టలో చేరిన దుమ్ము దించినప్పుడల్లా నెత్తిన పడుతుంది. నిలువు పట్టీలవి నయమనిపించాయి. దుమ్ము నిలిచే చోటు తక్కువ, పక్కకి లాగితే చీర కుచ్చిళ్ళలా ఒద్దికగా ఒదుగుతాయి. ఆఫీసులకి అందరూ మీగడ రంగే వేయిస్తున్నారన్నాడు ఆయన. మా గదిలో అది ఎన్నాళ్ళు మీగడలా ఉంటుంది? నేను బూడిద రంగు ముక్క చేతిలోకి తీసుకున్నాను.

ఈలోగా మా అబ్బాయి చొక్కా జేబులోంచి గుప్పెడు మిరపకాయలు తీసి బల్ల మీద పరిచాడు. మా పళ్ళెంలోని మేలురకం కాయ. గుడ్డ ముక్కలు ఒక్కొక్కటీ దాని పక్కన పెట్టి, రెండు లాట్ల సరుకు పోల్చినట్టు తల వంచి పోల్చాడు. కొట్టాయన తుమ్ముల మధ్య తువ్వాలు వెతుక్కుంటున్నాడు.

“ఇదిగో. ఇది సరిగ్గా మన కాయ రంగు,” అన్నాడు మా వాడు.

మిర్చి వాళ్ళ కంటికి ఎరుపు తప్ప ఇంకొకటి ఆనదు. మా ఇళ్ళల్లో పెళ్ళిచీర కొన్నా కాయతో పోల్చి కొంటారు. కొట్టులో ట్యూబులైటు కింద గుడ్డ గట్టిగా, నిండుగా ఉంది. దుమ్ము పడినా తెలియదు. మిగిలిన ముక్క కుర్చీ మీదకి పనికొస్తుందని అడిగి తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి బిగించి వెళ్ళారు. ఎండ ఆ పట్టీల వెనకకి చేరేసరికి గదంతా కుంకుమ కలిపిన నీళ్ళలా అయింది. కంప్యూటరు మీద అక్షరాలు కనపడుతున్నాయని మా వాడు సంబరపడ్డాడు. నేను మా ఊరి రైతు ఒకాయన కాయ ముందేసుకుని కూర్చున్నాను. కళ్ళంలో ఆరబోసినప్పుడు వాన తగిలిన కాయ అది. అందులో తెల్లగా పాలిపోయిన తాలుకాయలు ఉన్నాయని నాకు తెలుసు. ముందు రోజు నా కళ్ళతో చూశాను. ఎంత కలిపి చూసినా ఒక్కటీ కనపడలేదు.

 మా అమ్మకి ఈ వయసులోనే చూపు మందగించింది. ఒక కన్ను మూసి చూశాను, రెండోది మూసి చూశాను. అంతా ఒకటే ఎరుపు. నా తెల్లచీర కొంగు కూడా ఎర్రగానే ఉంది. అప్పుడు అనుమానం వచ్చి పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచాను. వెలుతుర్లో తాలుకాయలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. నా కళ్ళు బాగానే ఉన్నాయని ఊరట పడేలోపే ఇంకో భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున షావుకారు వచ్చి చూడబోయేది ఆ కాయనే.

మా అబ్బాయిని పిలిచి చూపించాను. పళ్ళెం బయట చూశాడు, లోపల చూశాడు, మళ్ళీ బయటికి వచ్చాడు.  మంచి ధర తెప్పిస్తానని ఆ రైతుకి మాట ఇచ్చి ఉన్నాడు. “నీ మాట మీదే ఉన్నానురా అబ్బాయ్,” అని ఆయన ముందురోజే చెప్పి వెళ్ళాడు. ఆయన్ని చూసి కాయ ఇచ్చినవాళ్ళే మిగతా అందరూ.

పట్టీలు లాగమన్న మా గొడవ అక్కడ మొదలైంది.

“కోల్డు స్టోరేజీ దగ్గర బస్తా కోసి ఎండలో పోస్తారు. అప్పుడేమంటాడు ఆయన?” అన్నాను.

“కాటా దగ్గర కాస్త తగ్గించమని అందరూ అడిగేదే. తగ్గిస్తాం.”

“తగ్గించమంటే పర్వాలేదు. ఆ మేడ మీద కాయ నమ్మొద్దని యార్డంతా చెబితే?”

“నేనేమన్నా రంగు పూశానా? కిటికీకి తెర వేసుకోవడం కూడా తప్పేనా?”

రంగు పూయలేదు. అది నిజమే. 

సాయంత్రం నల్లపాడు మీదుగా పోయే బస్సెక్కాం. ఇంటికొచ్చి అన్నం పెడితే కెలికి లేచాడు. “ఏం చేస్తావురా?” అంటే “చూద్దాంలే” అన్నాడు. పత్తి దెబ్బతిన్న ఏడాది కూడా ఇలాగే “చూద్దాంలే” అని తిరిగాడు. షావుకారు పోతే ఒక బాధ, ఊరి రైతు పోతే ఇంకో బాధ. 

మర్నాడు నన్ను పిలవకుండానే మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. నేను తరవాతి బస్సుకి వెళ్ళి మెట్లెక్కేసరికి పట్టీలన్నీ ఒక పక్కకి లాగి ఉన్నాయి. మా వాడు ఎండలోకి మొహం పెట్టుకుని, కళ్ళు చికిలించి కూర్చున్నాడు. రెండో కుర్చీ గోడవారన నీడలో ఉంది. షావుకారు వచ్చి ముందున్న ఇంకో రైతు కాయ బాగుందన్నాడు, ధర కుదిరింది. తరవాత మా ఊరి రైతు కాయ ఉన్న పళ్ళేన్ని తన దగ్గరికి జరుపుకుని వేలితో కలిపి, “ఇది వాన కాయ కదండీ,” అన్నాడు.

“అవునండి. కళ్ళంలో తడిసింది,” అన్నాడు మా అబ్బాయి.

ఆయన చెప్పిన ధర వినడానికి కష్టంగా ఉంది. మా వాడు అక్కడి నుంచే రైతుకి ఫోను చేసి చెప్పాడు. ఆ ధరకి ఇవ్వననీ, ఇంకో కొట్టులో చూపించుకుంటాననీ రైతు ఫోను పెట్టేశాడు. షావుకారు టీ తాగి, మొదటి కాయ మాత్రం రాయించుకుని వెళ్ళాడు. నేను పళ్ళెంలోని వాన కాయ సంచిలో పోసి, మూతి కట్టి, రైతు వస్తే ఇవ్వడానికి తలుపు పక్కన పెట్టాను.