ఆరిపోయిన టీవీలో వాళ్లు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇళ్లకంటే ఖాళీ సైట్లు ఎక్కువగా ఉన్న రోజులవి. మా పాపకు నాలుగేళ్లు. నేనూ మా ఆయనా ఆఫీసులకు పోతే, అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ పాపను చూసుకునేది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పరిగెత్తే పిల్ల వెనక తిరగలేకపోయేది. టీవీలో బొమ్మలు పెడితే మాత్రం పాప కదిలేది కాదు. నోట్లో ఏం పెట్టినా తినేసేది. అందరికీ హాయిగానే ఉండేది.

ముందు మాట మారింది. ఆ బొమ్మలు హిందీలో మాట్లాడేవి. మా ఇంట్లో ఎవరికీ హిందీ సరిగా రాదు. పాప గొంతు సన్నగా చేసి అచ్చం వాటిలాగే పలికేది. తర్వాత నవ్వు మారింది. ప్రతిసారీ ఒకే తీరున మొదలై, ఒకే చోట ఆగే నవ్వు. వంటింట్లోంచి అది వినపడితే, ముందు గదిలో ఉన్నది నా బిడ్డేనా అని తొంగి చూసేదాన్ని.

"పేరు పెట్టి పిలిస్తే పలకదు మే," అంది అమ్మ ఒకరోజు. "ఆ బొమ్మ మాదిరి పిలిస్తే తిరుక్కొని చూస్తాది. నాకెందుకో భయంగా ఉండాది."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పాప లేచి, నల్లబడ్డ టీవీ అద్దానికి చెవి ఆనించి చాలాసేపు విందట.

"అవ్వా, వాళ్లు లోపలే ఉన్నారు. వాళ్లకు ఊపిరాడటం లేదు."

అమ్మ నవ్వి ఊరుకుంది. పాప వంటింట్లోకి పోయి, అల్లం దంచే చిన్న రోకలి తెచ్చి టీవీని బాదడం మొదలుపెట్టింది. ఆపబోయిన అమ్మ చేతిని రక్తం వచ్చేలా కొరికింది.

అమ్మ ఫోన్ చేస్తే ఆటోలో వచ్చాను. టీవీకీ గోడకీ మధ్య సందులో దూరి, వెనక గాలాడటానికి ఉన్న చీలికల్లో వేళ్లు పెట్టి పాప గుసగుసలాడుతోంది.

"నేనున్నా కదా. భయపడొద్దు."

అది తెలుగు. ఎన్నో వారాల తర్వాత నా బిడ్డ నోట నేను విన్న తెలుగు. నాతో కాదు.

ఆ సాయంత్రమే మా ఆయన టీవీని తీసుకుపోయి ఎవరికో ఇచ్చేశాడు. పాప అడ్డం పడలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచి అన్నం మానేసింది. జ్వరం వచ్చింది. "వాళ్లను ఎక్కడ పూడ్చారు?" అని ఒక్కసారి అడిగింది, అంతే.

పిల్లల డాక్టరు మందేమీ రాయలేదు. "మాట్లాడుతూ ఉండండమ్మా. జవాబు రాకపోయినా సరే," అన్నాడు.

సెలవు పెట్టాను. రోజూ పాపను నడిపించుకుంటూ ఖాళీ సైట్ల వైపు పోయేదాన్ని. అక్కడ కట్టుబడి పనికి వచ్చిన పాలమూరు వాళ్ల పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుకునేవారు. పాప దూరంగా నిలబడి చూసేది. ఒకరోజు వాళ్లలో ఒక పిల్ల వచ్చి, అడక్కుండానే పాప పాదం మీద తడి ఇసుక పోసి అరచేత్తో గట్టిగా తట్టింది.

"కాలు మెల్లగ తియ్యి. పిచ్చుకగూడు అయితది."

పాప తీసింది. గూడు కూలిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పాప నవ్వింది, ఎక్కిళ్లు పెట్టుకుంటూ, ఎక్కడ ఆపాలో తెలియని నవ్వు. నేను పక్కనున్న ఇటుకల మీద కూర్చున్నాను.

ఇంటికి వస్తుంటే, ఎవరి ఇంట్లోనో బొమ్మల టీవీ మోగుతోంది. పాప నా చెయ్యి బిగించి పట్టుకుంది.

"అమ్మా, నన్ను పిలుస్తున్నారు."

"పలుకుతావా?"

తల అడ్డంగా ఊపింది. కానీ ఆ కిటికీ దాటేదాకా తల తిప్పి చూస్తూనే ఉంది.

తర్వాత బడికి పోయింది, కన్నడం నేర్చింది, కొట్లాడింది, స్నేహాలు చేసింది. ఇప్పుడు అడిగితే ఇవేవీ గుర్తులేవంటుంది. నిజమే అయి ఉంటుంది. ఆ సందులో దూరిన పిల్ల ఎవరికి ధైర్యం చెప్పిందో, వాళ్లు తిరిగి ఏం చెప్పారో, అడగడానికి ఇక ఎవరూ లేరు.