అత్త బర్రె తిన్న అరిటాకు

మొన్న మిర్యాలగూడలో దగ్గరి బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. కూర్చోగానే ముందర ఆకు వేశారు. ముదురు ఆకుపచ్చ, నడుమ లేతరంగు ఈనె, అటూ ఇటూ సన్నని గీతలు. నా చెయ్యి నన్ను అడగకుండానే సీసాలోంచి కాసిన్ని నీళ్ళు ఒంపుకుని దానిమీద చిలకరించింది, తుడవబోయింది. నీళ్ళన్నీ జారి నా పట్టుచీర మీద పడ్డాయి. అది ఆకు కాదు, అరిటాకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ పొరను కాగితానికి అంటించి చేసిన సరుకు. ఆ సంగతి నాకు తెలియక కాదు. అరవై దాటినా చేతులకు చిన్నప్పటి బుద్ధి పోలేదు, అంతే. పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. నాకు అటుపక్క కూర్చున్న మా బావ మాత్రం నవ్వలేదు. ఆయన మా మేనత్త కొడుకు. ఆ ఆకును బొటనవేలి గోటితో ఒకసారి గీకి చూసి, "అమ్మ ఉంటే ఈడ కూసునేదే కాదు" అన్నాడు.

మేనత్తది చిలుకూరు దగ్గర ఒక చిన్న ఊరు. ఎండాకాలం సెలవులు రాగానే మా నాన్న నన్ను సూర్యాపేటలో బస్సెక్కించి, కోదాడలో దించి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద తీసుకెళ్ళి వాళ్ళక్క దగ్గర వదిలి వచ్చేవాడు. సెలవులని పేరే గానీ నేను వెళ్ళేది విస్తళ్ళు కుట్టే పనికి. మోదుగుపూలు రాలిపోయి కొత్త ఆకు ముదిరే రోజులవి. ఎండ ఎక్కకముందే అత్తా, వాడకట్టు ఆడవాళ్ళూ గట్ల వెంబడి తిరిగి ఆకు కోసుకొచ్చేవాళ్ళు. దాన్ని దారానికి గుచ్చి నీడన ఆరేసి, బండరాయి కింద అణిచిపెట్టి, కుట్టే ముందు నీళ్ళు చల్లి మెత్తబరిచేవాళ్ళు. ఆ తడి ఆకు వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఇప్పటికీ తొలివానకు ఎక్కడో ఎండుటాకు తడిస్తే చాలు, నేను అత్తవాళ్ళ అరుగు మీద ఉంటాను. సన్నగా చీల్చిన పుల్లలతో ఆకుకు ఆకు కలిపి కుడుతూ వాళ్ళు ఊరందరి సంసారాలనూ అక్కడే చక్కదిద్దేవాళ్ళు. నేను దగ్గరికి పోగానే మాట మార్చేసి నా చేతికీ నాలుగు పుల్లలిచ్చేవాళ్ళు. నా కుట్టు చూసి అత్త, "దీంట్ల చారు పోస్తే తినేటోని కన్న ముందు చీమలు తింటయి బిడ్డా! మేనకోడలివని ఊకుంటున్న. కోడలివైతే గీ ఇస్తారిలనే నీకు అన్నం పెట్టేదాన్ని" అనేది. నేను ఆ ఇంటి కోడలిని కాలేదు, బావకూ నాకూ వేర్వేరు చోట్ల సంబంధాలు కుదిరాయి. దానికి నా విస్తరే కారణమని బావ ఇప్పటికీ మా ఆయన ముందే అంటాడు. మా ఆయన కాదనడు.

ఆ విస్తరి కథ భోజనంతో అయిపోయేది కాదు. బంతి లేవగానే ఆకులన్నీ గంపకెత్తి బర్రెల ముందు పొయ్యాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. అన్నం, పప్పు అంటుకున్న ఆకంటే బర్రెకు పండగే. "మనం తిన్నం, ఇగ అది తినాలె. దాని కడుపు నిండకుండ పెండ్లి అయిపోయినట్టెట్ల?" అనేది అత్త. ఎవరింట్లో శుభకార్యమైనా వచ్చేటప్పుడు ఆకులు మూటగట్టుకుని రావలసిందే. మా నాన్న అయితే, "మా అక్క పెళ్ళిళ్ళకు మా తరఫున రాదు, బర్రె తరఫున వస్తది" అని ఏడిపించేవాడు. అత్త ఉడుక్కునేది గానీ మూట మాత్రం విడిచేది కాదు.

తర్వాత గట్లన్నీ చదునయ్యాయి. ఉన్న జాగానంతా వరి తినేసింది, మోదుగులు ట్రాక్టర్లలో కట్టెలుగా వెళ్ళిపోయాయి. అత్త కంటికి పొర కమ్మింది. ఆ రోజుల్లోనే బావ తన కూతురికి కోదాడలో ఓణీల ఫంక్షన్ చేశాడు. అరిటాకు భోజనం అన్నాడు. అబద్ధమాడలేదు పాపం, క్యాటరింగ్ వాళ్ళు ఆ అరిటాకు బొమ్మ కాగితాల చుట్టకు పెట్టుకున్న పేరే అది. అత్త సంబరం చెప్పనలవి కాదు. "నా కొడుకు ప్లేట్లు గీట్లు కాదు, ఆకుల పెడుతుండు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. ఆ రోజు ఆమెకు ఒక్కపొద్దు, అందుకని తాను బంతిలో కూర్చోలేదు. మేమంతా ఫొటోల గోలలో ఉండగా, ఎత్తిన ఆకులను గోనెసంచుల్లో నింపించి గిన్నెలతోపాటు ఆటోలో వేయించింది. ఇంటికి చేరాక మసకచీకట్లో తొట్టి నిండా పోసి, "తిను, మనుమరాలి ఫంక్షను, కడుపు నిండ తిను" అని బర్రె నుదురు నిమిరింది. అప్పుడు ఆ బర్రె చూడిది.

నాలుగు రోజులుండి పోదామని నేనూ వెంట వెళ్ళాను. ఒకటి రెండు రోజుల్లోనే బర్రె నెమరు మానేసింది. పచ్చగడ్డి ముందు వేస్తే తల తిప్పుకుంది. పొట్ట ఒకపక్క రాయిలాగా అయింది. అత్త నూనె పోసింది, ఇంగువ పోసింది, దిష్టి తీసింది, చివరికి బావ పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. కోస్తే బతకొచ్చు, కొయ్యకపోతే బతకదన్నాడాయన. నిలబడి ఉండగానే మత్తుమందిచ్చి ఎడమపక్క కోశాడు. అత్త దాని మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, నుదురు నుదురుకు ఆనించి, "ఏం కాదే, ఏం కాదు, నేనీడనే ఉన్న" అంటూనే ఉంది. లోపలి నుంచి ఉండలుండలుగా లాగి డాక్టరు బకెట్టులో ముంచాడు. కాగితం కరిగిపోయింది గానీ పైపొర చెక్కుచెదరలేదు. పచ్చగా, నడుమ ఈనెతో సహా. "దీనికి ఇవి ఎవరు పెట్టిండ్రమ్మా?" అని అడిగాడు.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుంది, గోటితో గీకింది. "నేనే పెట్టిన సారూ. ఆకనుకొని నా చేతులతోనే పెట్టిన" అంది.

"తెచ్చింది నేను కదమ్మా, తప్పు నాది" అన్నాడు బావ.

"నువ్వు మనుషుల కోసం తెచ్చినవ్ రా. నోరులేని దానికి పెట్టింది నేను" అని కొట్టం గుంజను పట్టుకుని ఏడ్చింది. మామయ్య పోయినప్పుడు కూడా నేనామెను అంతగా ఏడవగా చూడలేదు.

బర్రె బతికింది. కడుపులో దూడ దక్కలేదు. ఎన్నో ఏళ్ళుగా ఊరికి పాలు పోసిన ఆ ఇంట్లోకి పాకెట్ పాలు వచ్చాయి. అత్త ఆ ఖాళీ కవర్లను ఒక్కటి కూడా బయట పారేయనియ్యలేదు. మళ్ళీ ఏ పశువు నోట్లో పడతాయోనని కడిగి, ఆరేసి, కట్టలు కట్టి అటక మీద పెట్టించేది. "ఇట్లనే పెడుతుంటే ఇల్లు నిండుతది అమ్మా" అని బావ విసుక్కుంటే, "మరి యాడ పెడుదామో నువ్వు చెప్పు" అనేది. బావే నిచ్చెన వేసి ఆ కట్టను అటక మీదికి ఎక్కించేవాడు. ఆ తర్వాత ఏ పెళ్ళికి పోయినా అత్త ముందు ఆకును గోటితో గీకేది. తడి తగిలితేనే కూర్చునేది. జనం ముసలామె చాదస్తం అనుకునేవారు. చూసీ చూసీ బావకూ అదే అలవాటైంది.

మిర్యాలగూడ పెళ్ళి నుంచి తిరిగి వస్తూ, "నీకొకటి చూపియ్యాలె" అని బావ కారును చిలుకూరు వైపు తిప్పాడు. బోరు దగ్గర పైపులైను కోసం జేసీబీతో కాలువ తవ్విస్తున్నాడు. బర్రె కడుపులోంచి తీసిన వాటిని ఆనాడు గుంత తీసి పూడ్చింది అక్కడే, ఆ సంగతి తానే మరిచిపోయాడట. మట్టికుప్పలోంచి ఒకటి లాగి బోరు నీళ్ళ కింద పట్టాడు. నేను అందుకుని గోటితో గీకాను, రంగు ఊడి రాలేదు. అత్త పోయింది, ఆ బర్రె పోయింది, గట్ల మీది మోదుగుల వేళ్ళు కూడా మట్టిలో కలిసిపోయాయి. మేము ఒక్కపూట తిని లేచిన ఆ ఆకు మాత్రం, మధ్యలో ఇన్నేళ్ళు గడిచాయని ఎవరూ చెప్పనట్టు, ఇంకా పచ్చగానే ఉంది.