సమ్నియాంగ్ పిల్లి ఇచ్చే అంకె

థాయ్‌లాండ్‌లోని ఖోన్‌కేన్‌లో సమ్నియాంగ్ రోజూ పొద్దున ఆరింటికి తన పిల్లి చెవి అంచున సూది గుచ్చి, రక్తపు బొట్టు తీసి, మిషన్‌లో షుగర్ చూసి నోటుబుక్కులో రాస్తుంది. ఆ వేళకు ఇరుగుపొరుగువాళ్లు గేటు దగ్గర బారులు తీరతారు. పిల్లి బతికినా చచ్చినా వాళ్లకు ఒకటే. నెలకు రెండుసార్లు తీసే లాటరీలో పందెం కాయడానికి ఆ షుగర్ లెక్కలోని ఆఖరి రెండంకెలు కావాలి.

ఇన్సులిన్ తప్పకుండా వేస్తున్నా షుగర్ ఉండుండి ఎగబాకుతోంది. పశువుల డాక్టరు కన్లయా నోటుబుక్కు తిరగేసింది.

"పెద్దమ్మా, ఒకటో తారీఖు, పదహారో తారీఖు మాత్రమే మూడొందలు దాటుతోందే! ముందురోజు ఏం పెడుతున్నారు?"

"నేనేం పెట్టను తల్లీ. లాటరీ ముందురోజు వీధివాళ్లే వచ్చి, మంచి అంకె ఇమ్మని దీనికి దండం పెట్టి, తియ్యటి డబ్బాపాలు పోసి పోతారు. మొక్కు కదా, వద్దంటే ఊరుకుంటారా?"

"మొక్కులు తాగి పిల్లి చస్తుంది. గేటుకు తాళం వెయ్యండి!" అని కసిరి, కన్లయా కలం తీసింది. "ఇవాళ పదహారు కదూ? పొద్దున ఎంతొచ్చింది?"

"మూడొందల నలభై ఏడు."

డాక్టరు ఫైలు మూసేసి, ఆఖరి రెండంకెలూ అరచేతిలో రాసుకుంది.