గులాబీ చక్రాల కోతి

మా అత్త గురించి వీధిలో ఒక మాట తిరుగుతోంది. చచ్చిపోయినవాళ్ల కట్టుడు పళ్లు పోగేసి, కరిగించి, వాటితో పాత బొమ్మలకు చక్రాలు చేసి, అపురూపమైనవని చెప్పి జనానికి అంటగట్టిందట. కుట్టుమిషన్ల కొట్టు ముందు ఈ మాటకు రోజుకో కొమ్మ మొలుస్తుంది. మొన్న ఒకావిడ, "పట్టపగలే ఆవిడ బొమ్మల గదిలోంచి పళ్లు కొరికే చప్పుడొస్తుందంటమ్మా" అని పక్కావిడతో అంటుంటే విన్నాను. అది కీ ఇచ్చే బొమ్మల చప్పుడని నాకు తెలుసు. తెలిసీ తలవంచుకుని వచ్చేశాను.

అత్త మా నాన్నకు అక్క, మాతోనే ఉంటుంది. పళ్లు కట్టే ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో చిగుళ్లు తీర్చి, పళ్లు ఒక్కొక్కటే నిలబెడుతుంది. తర్వాత మైనం తీసేసి, ఆ చోట గులాబీరంగు ముద్ద నింపి ఉడికిస్తుంది. ఆ ముద్ద కలిపే పొడిలో సన్నటి ఎర్రపోగులు ఉంటాయి. చిగుళ్లలో రక్తనాళాలు ఉన్నట్టు కనబడాలని అలా కలుపుతారట.

ఇంటికొస్తే అత్తకు బొమ్మలే. అన్ని బొమ్మలూ కావు, స్కేట్‌బోర్డు ఎక్కినవే. అల్లిక సూదులు చేతబట్టుకుని బోర్డు మీద దూసుకుపోయే బామ్మ, నల్లకళ్లద్దాల బాతు, నాలుగు కాళ్లూ నాలుగు బోర్డుల మీద పెట్టిన ఆవు, బోర్డు ఆకారంలో పెన్సిలు చెక్కేది, వేళ్లతో ఆడించే బుల్లి బోర్డులు ఓ డబ్బాడు. ఒక అట్ట ఆట కూడా ఉంది. పాచిక వేసి కొండవీధి దిగాలి, గుంతలో పడితే మోకాలికి కట్టు కట్టించుకుని మళ్లీ మొదటికి వెళ్లాలి. ఆ ఆటలో అత్త నన్నెప్పుడూ గెలవనివ్వలేదు. నేను ఎనిమిదిలో బడి మానేసిన దగ్గర్నుంచి ఆ బొమ్మల గదిలో అలమరాల దుమ్ము తుడిచే పని నాదే.

"నడిస్తే ఆయాసపడే మనిషికి ఈ చక్రాల పిచ్చేంటక్కా?" అనేవాడు నాన్న.

"పరుగెత్తి నువ్వేం సాధించావురా?" అనేది అత్త. ఇద్దరూ నవ్వుకునేవారు.

పాతబొమ్మలకు ముందు ఊడేవి చక్రాలే. అవి అత్త తనే చేసేది, పళ్లు కట్టగా మిగిలిన గులాబీ పొడితో. నల్లరంగు కలిపితే అసలు చక్రాల్లో కలిసిపోతుంది కదా అని అడిగాను ఒకసారి. "అతుకు అతుకులాగే కనబడాలే. దాచిన అతుకు దొంగతనం" అంది. అంతటితో ఆగకుండా బోర్డు అడుగున పెన్సిలుతో రాసేది: 'వెనక ఎడమ చక్రం నేను చేసినది', కింద తేదీ. చీమలబారులాంటి అక్షరాలు.

నాన్న పార్శిల్ ఆఫీసులో పనిచేస్తాడు. అలమరాలు బిగించింది తనే కాబట్టి గది రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం అత్త ల్యాబులో ఉండగా వచ్చి, వెనక వరసలోంచి కోతిబొమ్మ, ఇంకో నాలుగు తీసి నా ముందు పెట్టాడు.

"అత్తే ఇమ్మందిలే. శుభ్రంగా తుడువు. అడుగున ఆ పెన్సిలు మరకలు కూడా పోవాలి."

అవి మరకలు కావు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి తుడిచాను. వెనక వరసలో మిగతావాటిని కాస్త ఎడంగా జరిపి, ఖాళీ తెలియకుండా సర్దింది కూడా నేనే.

పాతబొమ్మలు పోగేసేవాళ్లు నెలకోసారి ఆదివారం గ్రంథాలయం వెనకగదిలో కలుస్తారు. అక్కడ అత్తను అందరూ పళ్లక్క అంటారు. ఎవరి బొమ్మకు ఏం ఊడినా పళ్లక్క అతికించాల్సిందే, గులాబీ చక్రాలు మాత్రం మా ఇంటి బొమ్మలకే. ఆమె చెయ్యి పడిన బొమ్మంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చని పేరు. అత్తకు ఉన్న గొప్ప అదొక్కటే. ఆ ఆదివారం డబ్బాలు మోయడానికి నేనూ వెళ్లాను.

పెన్షను తీసుకునే లెక్కల మాస్టారు సంచిలోంచి పట్టుగుడ్డ మూట తీసి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు మెల్లగా విప్పాడు. స్కేట్‌బోర్డు మీద కోతి.

"చూసుకోండి. గులాబీ చక్రాల రకం. కంపెనీవాళ్లు వందే చేసి ఆపేశారట. ఎవరింట్లోనైనా ఉందా?"

అందరూ తలలు దూర్చారు. అత్త కోతిని చేతిలోకి తీసుకుని తిరగేసింది. అడుగున తళతళలాడుతోంది.

"ఎక్కడిది మాస్టారూ?"

"పార్శిల్లో వచ్చిందమ్మా. ఇదిగో, కవరు కూడా దాచాను."

పంపినవాడి పేరు ఎవరిదో. అక్షరాలు మాత్రం మా నాన్నవే, కుడివైపు వాలిపోయినవి, ప్రతి గీతకూ తోక ఉన్నవి. అత్త ఆ కవరును మడత చెడకుండా మాస్టారికి తిరిగిచ్చేసింది.

మాస్టారు ఇదేమీ గమనించలేదు. భూతద్దం పెట్టి చక్రాల్ని మురిపెంగా చూసుకుంటున్నాడు. "ఈ ఎర్రపోగుల్ని ఎక్కడో చూశానే..." అని ఆగి, నోట్లో చెయ్యి పెట్టి పైవరస పళ్లు బయటికి తీసి కోతి పక్కన పెట్టాడు. భూతద్దం అటూ ఇటూ జరిపాడు.

"ఒక్కటే! నా చిగురూ దీని చక్రమూ ఒక్కటే!" అన్నాడు బోసినోటితో.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో పళ్లు కట్టే మనిషి ఒక్కతే.

"చక్రాలు నేను చేసినవే. కోతీ నాదే. నేను అమ్మలేదు" అంది అత్త. మొదటి మాట దగ్గరే అందరి చెవులూ మూసుకుపోయాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న కుట్టించి తెచ్చుకున్న చెప్పులు వరండాలో కాలికి సరిపెట్టుకుంటున్నాడు. అత్త కేకలు వెయ్యలేదు.

"అడిగితే ఇవ్వనా తమ్ముడూ?"

"అడిగితే ఎందుకని అడుగుతావుగా అక్కా" అన్నాడు నాన్న, చెప్పు వంక చూస్తూనే. "వెనక వరసలోవి నువ్వు మాత్రం ఏం చూస్తున్నావు? కొనుక్కున్నవాళ్లు సంతోషపడ్డారు. ఎవరికేం నష్టం?"

"బొమ్మలు పోతే పోనీరా. నా రాత తుడిచి అమ్మావు. నన్ను దొంగని చేసి అమ్మావు."

"తుడిచింది నేనత్తా" అన్నాను. ఆ మాట ఎలా బయటికొచ్చిందో నాకే తెలియదు.

అత్త నావైపు తిరిగింది. నాన్న మీద కూడా అంతసేపు చూపు నిలపలేదు.

"తుడిచే ముందు చదివావా?"

"చదివాను."

అత్త లోపలికెళ్లి మొహం కడుక్కుంది.

తర్వాతి నెల ఒక్కతే గ్రంథాలయానికి వెళ్లింది. అమ్మింది తన తమ్ముడని అందరి ముందూ చెప్పింది. "ఇంటి గొడవలు ఇక్కడెందుకు పళ్లక్కా" అన్నారట వాళ్లు. "కొన్నాళ్లు రాకపోతేనే మంచిది" అని కూడా అన్నారట. వీధిలో మాటకు ఇంకో కొమ్మ వచ్చింది: పట్టుబడేసరికి పాపం తమ్ముడి మీదకు తోసేసింది.

ఇప్పుడు గదికి కొత్త తాళం. రెండు చెవులూ అత్త కొంగునే ఉంటాయి. దుమ్ము తనే తుడుచుకుంటోంది. నాతో మాట్లాడుతుంది, నీళ్లు కాగాయా, తలుపు వేశావా, అంతవరకే. అట్ట ఆట మళ్లీ కిందికి దిగలేదు.

వీధిలో తిరిగే మాటలో లేని సంగతి ఒకటుంది. కోతి చక్రాలకు వాడిన పొడి చచ్చిపోయినవాళ్లది కాదు. మా నాన్నకు పైవరస ఊడిపోతే అత్త నాలుగు ఆదివారాలు కూర్చుని పళ్లు కట్టింది. అది కట్టగా మిగిలిన పొడి. ఆ పళ్లతోనే నాన్న ఇవాళ కూడా భోంచేశాడు.