బొట్టు పెట్టిన నవల

మొన్న మహానవమి నాడు ఎల్బీ నగర్‌లో మా అమ్మాయి ఇంట్లో దేవుడి పటాల ముందు పుస్తకాలు పేరుస్తుంటే, మా మనవరాలు అందరికంటే ముందు తన కెమిస్ట్రీ పుస్తకాన్ని తెచ్చి అడుగున పెట్టి, దాని మీద బరువైనవి మరికొన్ని ఎత్తి, ఈ ఒక్కరోజుకి దేవుడున్నాడని ఒప్పేసుకుంటున్నాను అమ్మమ్మా అంది. నేను ఊరుకోలేక, నువ్వు చదివే కథలన్నీ ఫోనులోనే కదా, మరి దాన్నీ పెట్టవేం అన్నాను. మా అల్లుడు తన ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. మనవరాలు మాత్రం తడుముకోకుండా, అది పుస్తకం కాదు, అందులో పుస్తకాలుంటాయి అంతే అంది. తర్కం బాగానే ఉంది. నా మనవరాలే మరి.

నా తరం వాళ్లకి ఈ ఆచారం గురించి చెప్పనక్కర్లేదు. నవమి నాడు అమ్మవారి ముందు పెట్టిన పుస్తకాన్ని దశమి నాడు పూజ చేసి తీసేదాకా తెరవకూడదు. ఇలాంటి 'కూడదు'లతో జీవితమంతా పోట్లాడుతూ రాసినదాన్ని నేను. చదువుల తల్లిని కొలవడానికి చదువు మానెయ్యడమేమిటని నిలదీస్తూ ఒక వ్యాసం రాసి, చాలామంది చేత తిట్లు కూడా తిన్నాను. ఆ ప్రశ్నను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే దాని పక్కన రాయవలసిన సంగతి ఒకటి ఉండిపోయింది, ఆ పుస్తకాల దొంతర చూడగానే అది గుర్తొచ్చింది.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో ముందు భాగంలో కిరాయికి ఉండేవాళ్లం. కొత్తపేట పళ్ల మార్కెట్ నుంచి గాలి తిరిగినప్పుడల్లా మగ్గిన బత్తాయిల వాసన మా వరండాలోకి వచ్చేది. నాన్న గుడివాడ వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి, సంస్కరణ సభలంటే చెవి కోసుకునేవాడు, ఎందుకు అని అడగకుండా ఏదీ ఒప్పుకోవద్దని అన్నం ముందు కూర్చోబెట్టి మరీ నేర్పేవాడు. అన్నం చల్లారిపోతోంది, అందుకు తినండి అనేది నాయనమ్మ. నా వాదనా పటిమ నాన్న దగ్గర నుంచి వచ్చిందని అందరూ అంటారు గానీ, ఆ పోటీలో గెలిచేది ఎప్పుడూ నాయనమ్మే.

ఇల్లుగలామె వెనక భాగంలో ఉండేది. ఇక్కడి మనిషే, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త మీర్‌పేట్‌లో మరో కాపురం పెట్టినప్పుడు ఆమె ఏడ్చిందో లేదో ఎవరికీ తెలియదు గానీ, బర్రెల్ని కొని, పాలు పోసి, ఆ పాల మీదే ముందు భాగం కట్టించి మాకు కిరాయికిచ్చింది. చదువు రాదు. కథ వినడమంటే మాత్రం ప్రాణం.

దసరా సెలవులు మొదలవగానే నేను అద్దె పుస్తకాల కొట్టుకి పోయి, ఉన్నవాటిలో లావుపాటి నవల తెచ్చేదాన్ని. మధ్యాహ్నాలు వంటింట్లో అమ్మ పిండి కలుపుతుంటే, నాయనమ్మ చక్రాలు వత్తుతుంటే, నేను పీట వేసుకుని పైకి చదవాలి. చేతులు ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నాకు పడింది. పెద్దమ్మ పాల క్యాన్లు కడిగి బోర్లించి వచ్చి గడప మీద కూర్చునేది. ఆ ఏటి నవలలో మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే, ఇల్లు వదిలి పట్నం వచ్చి, నలుగురికి అన్నం క్యారియర్లు కట్టి బతికే ఒకావిడ కథ. మొగుడు ఆఫీసుకి పోతూ ఆవిడ లేని గుమ్మం వైపు తిరిగి చూశాడని చదివితే చాలు, పెద్దమ్మ అందుకునేది. "సూడు బిడ్డా, ఒస్తడు. ఆకలైతే ఒస్తడు. ప్రేమా గీమా ఏం లేదు." నాయనమ్మ మూకుడు మీంచి, "ఏవమ్మా, కథని నువ్వే రాశావా ఏంటి, కాస్త దాన్ని చదవనియ్యి!" అని కసిరేది. పెద్దమ్మ చెప్పినట్టే వచ్చాడు కూడా. ఆకలితో కాదు, కన్నీళ్లతో వచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడికి ఇంకొక్క అధ్యాయం మిగిలింది.

మర్నాడు సద్దుల బతుకమ్మ, చదవడానికి తీరిక లేదు. పెద్దమ్మ తంగేడు, గునుగు పూలు పేర్చి ఆడి వచ్చి, నువ్వుల సద్ది, రొట్టెలో బెల్లం నలిపిన మలీద ఆకులో పెట్టి మాకు తెచ్చింది. నువ్వులు, బెల్లం దంచిన ఆ పొడి కమ్మదనం ఇప్పటికీ నాలుక మీద ఉంది. అది తింటుండగానే చెప్పింది, పండగ కాగానే దవాఖానలో చేరుతున్నానని, కడుపులో గడ్డ తీస్తారని. ఆ సంగతి తెలిసి భర్త కబురు పెట్టాడట, దసరా సాయంత్రం జమ్మి ఆకు తీసుకుని వస్తాను, ఆపరేషన్‌కి ముందే నాతో మీర్‌పేట్ వచ్చెయ్యి అని. ఏదైనా అయితే మొగుడి చెయ్యి పక్కన ఉండాలి కదా అని కులపెద్దలు కూడా అంటున్నారట. ఏం చెప్పాలో తెలియక ఆమె మా అందరి మొహాలూ చూసింది.

నవమి నాడు తెల్లవారేసరికి నాయనమ్మ తలంటు పోసుకుని, ఇంట్లో అచ్చు పడ్డ ప్రతి కాగితాన్నీ అమ్మవారి ముందు పేర్చేసింది. నవల దొంతర పైనే ఉంది, అట్ట మీద పసుపూ కుంకుమా. మధ్యాహ్నం గారెలు వేస్తుంటే పెద్దమ్మ మామూలుగానే వచ్చి గడప మీద కూర్చుంది. నేను లేచి పుస్తకం తీయబోయాను. నాయనమ్మ అట్లకాడతో అడ్డం నిలబడింది. నాన్న గది బయటికి వచ్చి నా తరఫున ఉపన్యాసం మొదలుపెట్టాడు. అంత గొడవలోనూ పెద్దమ్మ మెల్లగా, "ఒద్దు బిడ్డా, అవ్వ మాట తియ్యకు. నాకేందంటే, ఇగ దవాఖానల పంటున్న. లేస్తనో లేదో ఎవలకెరుక. గామె ఆయనెంట పోయిందా లేదా తెల్వకుంటనే పోవాల్నా అని, గంతే" అంది.

మూకుట్లో గారె మాడింది. నాయనమ్మ దాన్ని తీసి పక్కన పడేసి, నా వంక చూసింది.

"పుస్తకం తెరవకూడదన్నాను గానీ, నోరు తెరవకూడదన్నానుటే? చెప్పు, ఏవవుతుందో."

"నేను చదవలేదుగా నాయనమ్మా!"

"చదివింది చెప్పడానికి నువ్వెందుకే, ఎవరైనా చెబుతారు."

అలా నేను జీవితంలో మొదటిసారి కథ చెప్పాను. అంతకు ముందు చదివిన నవలలన్నీ బుర్రలో ఉన్నాయి కాబట్టి మొగుడి చేత బాగా ఏడిపించి, ఆవిడ మనసు కరిగించి, జట్కా ఎక్కించేశాను. పెద్దమ్మ కొంగుతో గడప తుడుస్తూ కూర్చుంది. నాయనమ్మకి మాత్రం కోపం వచ్చింది. వాడేడిస్తే సరిపోయిందా, రేప్పొద్దున ఆ క్యారియర్లు ఎవరు కడతారే అని అడిగింది. జట్కాని వెనక్కి తిప్పాను. అమ్మ తలెత్తకుండా పిండి కలుపుతూనే, ఆవిడ తలుపు మాత్రం మూయదు, క్యారియర్లు బయటికి వెళ్లాలి కదా అంది. అప్పుడు పెద్దమ్మ గొంతు సవరించుకుని తన ముక్క తాను కలిపింది. "అన్నం పెడ్తది. కడుపునిండ పెడ్తది. తిన్నంక, పోయి రా అంటది."

అంతకు మించి ఎవరమూ ఏమీ చేర్చలేదు. వేడి గారెలు ఆమె ఒళ్లో పెట్టింది నాయనమ్మ.

దశమి నాడు పూజ కాగానే ఆత్రంగా పుస్తకం తీసి చివరి అధ్యాయం చదివాను. అందులో ఆవిడ మొగుడి కాళ్ల మీద పడి, తప్పు నాదే అని ఏడ్చి, ఆయన వెంట వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం పెద్దమ్మ భర్త తెల్లబట్టలు కట్టుకుని, జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. ఆమె ఆకు తీసుకుంది, కూర్చోబెట్టి వేటమాంసంతో అన్నం పెట్టింది, మారు వడ్డించింది. చెయ్యి కడుక్కుని ఆయన మూట సర్దుకోమన్నాడు.

"నేను రాను. నువ్వు పోయి రా."

"దవాఖానకు నీతోని ఎవలొస్తరే మరి?"

"అవ్వొస్తది."

మా నాయనమ్మని ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండానే ఆవిడ లోపలికి వెళ్లి సంచిలో చీర పెట్టుకుంది. అంటూ ముట్టూ అని ఆసుపత్రి గుమ్మం తొక్కని మనిషి, పెద్దమ్మ కోలుకునేదాకా ఆ వార్డులో నేల మీదే పడుకుంది. మా కథ వల్లే పెద్దమ్మ అలా చేసిందని నేననను. ఒకటి ముందు జరిగి ఇంకొకటి తర్వాత జరిగితే మొదటిది కారణమైపోదని ఊరందరికీ చెప్పేదాన్ని, నాకోసం ఆ నియమాన్ని సడలించుకోలేను. బహుశా ఆమె ఎప్పుడో నిర్ణయించుకుని, ఇంకొకరి నోట వినడానికి వచ్చి కూర్చుందేమో.

వార్డులో తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాటల్లో ఇదొకటి, పుస్తకంలో కూడా అట్లనే ఉన్నదా అని. నేను నాయనమ్మ వంక చూశాను. దేవుడి ముందు అబద్ధమాడని నాయనమ్మ మనిషి ముందు కూడా ఆడలేదు. "లేదమ్మా, వెళ్లిపోయిందట" అంది. కుట్లు లాగుతున్నా పెద్దమ్మ నవ్వింది.

"గాయిన వంటింట్ల కూసొని రాయలేదు గావొచ్చు."

నవల తిరిగి ఇచ్చినప్పుడు కొట్టాయన అట్ట మీది బొట్టు చూసి, దసరా తర్వాత వచ్చే పుస్తకాలన్నీ పెళ్లికూతుళ్లే అని నవ్వాడు. నేను ఇంటికి వచ్చి ఆ నవల ముగింపు మీద ఒక విమర్శ రాసి వారపత్రికకి పంపాను. అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదలు. అప్పటి నుంచి ఏం రాసినా, గడప మీద ఒకరు కూర్చుని విని, గింతేనా అని అడుగుతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఆ పెంకుటింటి చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, పళ్ల మార్కెట్ కూడా అక్కడి నుంచి వెళ్లిపోయింది, ఆ వాసన ఎలా ఉండేదో మనవరాలికి చెప్పబోతే మాటలు దొరకవు. పుస్తకాన్ని మూసిపెట్టే ఆచారాన్ని నేను ఇవాళ కూడా సమర్థించను. ఆనాడు మాకు మేలు చేసింది మూసిన పుస్తకం కాదు, దాని చుట్టూ చేరిన మనుషులు. మొన్న మధ్యాహ్నం పూజ అయ్యాక గారెలు పెట్టెలో సర్దుకుని ఎవరో కుర్రవాడి బండి మీద వచ్చాయి, వేడిగానే ఉన్నాయి, బాగానే ఉన్నాయి. మనవరాలు సోఫాలో పడుకుని ఫోనులో ఏదో కథ చదువుతూ, ఓపిక లేక చివరి పేజీకి జరిపేసి, ఓస్ ఇంతేనా అనుకుంది తనలో తనే. ఆ మాట విని నేను ఉలిక్కిపడి వంటింటి గడప వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.