పోను ఏడు గంటలు, రాను రెండు గంటలు

మా బామ్మర్దిని నేను ఇంకా క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవడం నాకు ఉద్యోగం నాటి అలవాటు గనుక ఇదీ రాస్తున్నాను.

అతనిది కోదాడ. మా ఆవిడకు సొంత తమ్ముడు. తోబుట్టువులందరినీ సింగపూర్ తీసుకెళ్తానని బయలుదేరదీసింది అతనే. మా ఆవిడ అంతగా సంబరపడటం నేను ఏనాడూ చూడలేదు. అయితే ఆమె కాళ్ల వాపు చూసిన డాక్టరు, ఏకబిగిన ఐదు గంటలకు మించి కూర్చోవద్దన్నాడు. హైదరాబాదు నుంచి సింగపూరుకు సుమారు మూడు వేల మూడు వందల కిలోమీటర్లు. విమానంలో నాలుగున్నర గంటలు. నేను లెక్క చూసుకుని, నిశ్చింతగా ఉండమన్నాను.

మిర్యాలగూడలో మా మరదలి గృహప్రవేశం నాడు, భోజనాల బంతిలో, అతను ఫోనులో టికెట్ తెరిచాడు.

"అక్క రావద్దు బావా. ఏడు గంటలు పడుద్ది. కాళ్లు వాచిపోతయ్."

"నాలుగున్నరే," అన్నాను.

"ఇదిగో చూడు. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కితే రాత్రి ఏడింటికి దిగుతాం. టికెట్ మీద ఉన్నదాన్ని కాదంటావా?"

"ఆ ఏడు సింగపూరోళ్ల గడియారం. మనకంటే రెండున్నర గంటలు ముందుంటది."

"విమానంలో కూర్చున్నోడికి గడియారం ఒక్కటేగా బావా! మధ్యలో మారుద్దా?"

బంతి బంతంతా నవ్వింది. చేతి గడియారం మారదు గనుకే దిగేసరికి అందులో నాలుగున్నరే అవుతుందని, అతనన్న ఆ మాటే నా లెక్కకు సాక్ష్యమని విడమరిచి చెప్పేలోపు, వాళ్ల నవ్వులో నా గొంతు మునిగిపోయింది. మా ఆవిడ విస్తరి మీద నుంచి తల ఎత్తకుండా "నేను రానులే" అంది. అందరూ వెళ్లారు. మేమిద్దరం ఆగిపోయాం.

వాళ్లు తిరిగొచ్చాక అందరినీ సూర్యాపేటలోని మా ఇంటికి పిలిచాను. ఆ బంతిలో నవ్వినవారిని ఒక్కరినీ వదలకుండా పిలిచాను. టీలు అయ్యేదాకా ఆగి, మర్యాదగానే అడిగాను.

"వచ్చేటప్పుడు ఎంతసేపు పట్టింది?"

"రెండు గంటలే బావా! నాలుగింటికి ఎక్కితే ఆరింటికి హైదరాబాదులో ఉన్నాం. వెనక నుంచి గాలి తోసుద్దిగా."

"పోను ఏడు, రాను రెండు. ఆకాశంల ఇటువైపు పల్లం ఉన్నదా?"

అతని భార్య ఆగలేకపోయింది. "రెండు గంటలేందండీ? సినిమా మొత్తం చూసి, తిని, ఓ నిద్ర తీసి లేచినా ఇంకా విమానంలోనే ఉన్నాంగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు.

"పోయేటప్పుడు కలిసిన రెండున్నరే వచ్చేటప్పుడు తగ్గింది. ఏడూ రెండూ కలిపి సగం చెయ్," అన్నాను.

అతను వేళ్లు ముడిచాడు, విప్పాడు. "నాలుగున్నర," అన్నాడు. ఆ మాట అతని నోటితోనే రావాలని ఇన్నాళ్లూ ఎదురుచూశాను.

మొహం చిన్నబుచ్చుకుని అక్క వైపు తిరిగాడు. "వచ్చేసారి నిన్ను తప్పకుండా తీసుకెళ్తానక్కా."

"పోయేటప్పుడు ఏడు గంటలని ఇడిసిపెడితివి," అంది మా ఆవిడ. "ఆ వచ్చేటి రెండు గంటలకన్నా నన్ను ఎక్కించుకోకపోతివిరా తమ్ముడా."

గదంతా పగలబడి నవ్వింది. ఆమె మాత్రం ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అతను వెనకాలే వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"కూసో. ఇంకొకసారి లెక్క చెప్పు. వెనకున్నోళ్లకు సరిగ్గ వినవడలే."