వేలు పెట్టిన చోటు

మా తెలుగు చర్చి సంఘంలో బైబిలు వాక్యం చదివేవాణ్ణి నేనే. గొంతు బాగుంటుందని పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నాకు తెలుగు అక్షరాలు రావు. అండమాన్‌లోని బంబూఫ్లాట్‌లో పుట్టి హిందీ బడిలో చదివాను. తెలుగు ఇంట్లో నోటికి వచ్చిందే. శనివారం అమ్మ చదువుతుంటే హిందీ అక్షరాల్లో రాసుకుని, ఆ కాగితం పుస్తకంలో దాచి, మర్నాడు గంభీరంగా చదివేవాణ్ణి. నాలుగేళ్లు ఎవరూ పట్టుకోలేదు. నేనూ దాన్ని అబద్ధమనుకోలేదు.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలంలో మావాళ్లు రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. ఆ ఏడు మొదటి వారంలోనే మా వంతు వచ్చింది. చదివింది పుట్టుగుడ్డివాడికి చూపు వచ్చిన భాగం. పడవల జెట్టీ దగ్గర చేపలమ్మే ఒకావిడ గుమ్మం పక్కన కూర్చుని విన్నది. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన హిందూ కుటుంబం. ఆ మధ్యే కంటిపొర తీయించుకుని, నల్లద్దాలు పెట్టుకు తిరుగుతోంది. ఆమె మా కూడికకి రావడం నా చదువు ఘనతేనని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

అందరూ టీ తాగుతుంటే దగ్గరికొచ్చింది.

"బాబూ, ఆడు నాకిప్పుడు కనిపిస్తందన్నాడు గదా. ఆ మాట ఎక్కడుందో ఏలెట్టి సూపెట్టు. నాకూ ఇప్పుడు కళ్లున్నాయి."

రాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. చెప్పలేదు. పేజీ మధ్యలో ఎక్కడో వేలు పెట్టాను. ఆమె ఆ వరస తడిమి, వేళ్లు కళ్లకద్దుకుంది. కాగితం మీద కొబ్బరినూనె మరక పడింది. అమ్మ చూసింది.

మర్నాడు అవతలి చాతం దీవికి వెళ్లే ఫెర్రీలో ఆమె గంప పక్కన కూర్చుని, తాను తాకిన మాట గురించి పక్కవాళ్లకి చెబుతోంది. నేను ఆఫీసు బ్యాగు ఒళ్లో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. సిగ్గేసింది. గుడ్డివాడి కథ అంత స్పష్టంగా చదివానే గాని, అందులో నన్ను నేను ఎక్కడా చూసుకోలేదు.

ఆ సాయంత్రమే అమ్మ దగ్గర అ ఆలు మొదలుపెట్టాను. నలభై దాటిన మనిషికి ఒత్తులు ఒక పట్టాన లొంగవు. అయిదో వారానికి మరక ఉన్న వరస కూడబలుక్కుని చదవగలిగాను. చూపు మాట అక్కడ లేదు. ఇరుగుపొరుగువాళ్లు వీడు ఆ గుడ్డివాడేనా, కాదా అని వాదించుకునే చోటది.

జెట్టీకి వెళ్లి ఆమెకి అంతా చెప్పాను. నాకు అక్షరాలు రావని, ఆ రోజు అబద్ధమాడానని. ఆమె చేప పొలుసు తీయడం ఆపలేదు. ఇంతకీ తాను కళ్లకద్దుకున్న చోట ఏముందని అడిగింది. చెప్పాను.

"మరాడేటన్నాడు?"

"'నేనే వాణ్ణి' అన్నాడు, దీదీ."

"మరి నువ్వేటంతావు?"



మట్టల ఆదివారానికి ముందు ఆదివారం, పాస్టరు అయ్యగారిని అడిగి మళ్లీ ఆ భాగమే తీసుకున్నాను. కాగితం ఇంట్లో వదిలేశాను. నాలుగు నిమిషాల్లో అయ్యేది పావుగంట పట్టింది. ముందు వరసలో పెద్దలు దగ్గారు. అయ్యాక, ఇన్నాళ్లూ నేను చదివింది హిందీ కాగితమేనని చెప్పి కూర్చున్నాను.

బయట చర్చి మెట్ల దగ్గర ఆమె నల్లద్దాలు తీసి నిలబడి ఉంది.

"ఇప్పుడు సూపెట్టు," అంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వేలు జరిపాను. ఆమె తొందరపెట్టలేదు.